మలేరియా కావాలని మొక్కుకున్నాను

ఖమ్మం

భద్రాచలం అవతల అడవికి వెళ్లొచ్చిన వాళ్లు గోదావరి గురించి చెబుతారు, బొంగులో కాల్చిన కోడి గురించి చెబుతారు. నాకూ అవే చెప్పాలని ఉంది. చూశాను, తిన్నాను కూడా. కానీ వానలు తగ్గుముఖం పట్టిన ఆ వారంలో మా అక్కను వెంటబెట్టుకుని తిరిగిన దారి తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది భయమే. కాబట్టి భయంతో సహా చెబుతాను. అటు వెళ్లనివాళ్లు దారి మాత్రం తెలుసుకోండి.

నేను పుట్టు పిరికిదాన్ని. ఖమ్మంలో డాక్టరు సీటు కోసం చదివే పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఒక కణంలో ఎన్ని చోట్ల తప్పు జరగొచ్చో రోజూ బోర్డు మీద రాసే మనిషికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఊరు దాటితే నా సంచీలో థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల మందు, దూది ఉండాల్సిందే. "నువ్వు ఊరికి పోతున్నవా, దవాఖానా పెడుతున్నవా?" అని మా బావ ఎప్పుడూ ఆటపట్టిస్తాడు.

మా అక్క పేరు సరోజ. ముదిగొండ దగ్గర పత్తి, మిరప వేసుకునే ఇంట్లో పుట్టాం ఇద్దరం. నేను చదువు పట్టుకుని ఖమ్మంలో ఆగాను, ఆమె పెళ్లయి మణుగూరు చేరింది. బావ రాజేశం బొగ్గు గనిలో పనిచేస్తాడు. కొన్నేళ్ల కిందట అక్క రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేశారు, గండం గడిచిందనుకున్నాం. తరవాత అదే జబ్బు వెన్నెముకలో తేలింది. హైదరాబాదులో చూసే డాక్టరమ్మ మాత్రలు రాసింది. రోజుకొకటి చొప్పున మూడు వారాలు మింగాలి, నాలుగో వారం పూర్తిగా మానాలి, రక్తపరీక్ష చేయించుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ నాలుగో వారాన్ని మేము సెలవు వారం అంటాం.

"ఈ సెలవు వారంల నన్ను ఎటన్న తీస్కపో చెల్లె," అంది అక్క ఫోన్‌లో. "హాస్టల్ల నాతోని సదివిన భద్రమ్మ యాదికున్నదా? దుమ్ముగూడెం అవతల ఉంటది. ఒక్కసారి చూసి రావాలె."

ఆ 'ఒక్కసారి' అన్న మాట నాకు నచ్చలేదు. అయినా సంచీ సర్దుకున్నాను.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి మా వైపు సీటు దొరకడమే లాటరీ టికెట్టు తగిలినట్టు. కొత్తగూడెం దాకా నిలబడే వెళ్లాను. అక్కడ ఒక పెద్దావిడ తన మూట ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. మూటలో తడిగుడ్డ చుట్టిన మిరపనారు ఉంది. కొడుకు వేసిన మడి వానకు కుళ్లిపోతే బిడ్డ ఇంటి నుంచి పట్టుకెళుతోందట.

"యాడికి పోతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. చెప్పాను.

"గీ దినాలల్ల అడివికా?" అంటూ నా మొహం పరీక్షగా చూసింది. "జొరం పట్టుకొస్తది. మా మరిది గట్లనే పోయి వచ్చిండు. నెల మంచంల పడ్డడు."

నా సంచీలోని దోమల మందు సీసా ఒకసారి తడిమి చూసుకున్నాను. పాల్వంచలో ఆవిడ దిగిపోయింది. భయం మాత్రం నాతో మణుగూరు దాకా వచ్చింది.

మణుగూరు

గని కాలనీలో ఆకుల మీద కూడా నల్లటి దుమ్ము ఉంటుంది. వాన పడ్డ రోజున ఒక్కసారిగా పచ్చబడతాయి, రెండో రోజుకు మళ్లీ మామూలే. కాలనీ గోడ దాటితే అడవి. మధ్యాహ్నం గనిలో పేలుళ్లకు వంటింట్లో గిన్నెలు ఘల్లుమంటాయి. ముదిగొండలో ఉరిమితే మా అమ్మ దండెం మీది బట్టలు తీసేది. అక్క ఇక్కడ ఉరుముకీ పేలుడుకీ తేడా చెవితోనే చెబుతుంది, కూర కలపడం ఆపదు.

ఆ రోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు, బావ సంత నుంచి తెచ్చిన కొరమీను పులుసు. అక్క వడ్డించింది గానీ తను సరిగ్గా తినలేదు. సెలవు వారంలో ఆకలి వేయాలి కదా అన్నాను. "మొన్ననే ఆపిన గద. జెర టైం పడ్తది," అంది. చేయి పట్టుకుంటే అక్క వేళ్లు చల్లగా ఉన్నాయి. బావ నా వైపు చూసి, "మీ అక్క మంచిగనే ఉన్నది. నువ్వు బెదిరియ్యకు," అన్నాడు.

సాయంత్రం పక్క క్వార్టరు ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. వాళ్ల పాప ఓణీల ఫంక్షన్ ఉందట. అక్కకు బొట్టు పెట్టి పిలిచింది, చుట్టాన్నని నాకూ పెట్టింది. ఆవిడ అటు వెళ్లగానే అక్క నా భుజం మీద పొడిచింది.

"గిదే గద చెల్లె, నువ్వు చెప్పింది?"

అదే. ఈ మాత్రలు మొదలుపెట్టినప్పుడు, అసలు ఇవి లోపల ఏం చేస్తాయని అక్క అడిగింది. తరగతిలో పిల్లలకు చెప్పేది ఆమెకు ఇలా చెప్పాను. ఒక కణం రెండు కావాలంటే ముందు తనలోని డీఎన్ఏ మొత్తానికి ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, నకలు తీసుకోవాలి. ఆ పని చేసే ప్రోటీన్లు చాలావరకు లోపల ముందే ఉంటాయి. ఉంటాయి గానీ పిలవందే కదలవు. పిలుపు అంటే ఒక ప్రోటీన్ వచ్చి ఇంకో ప్రోటీన్‌కు చిన్న ఫాస్ఫేట్ ముక్క అంటించడం. మనం పేరంటానికి బొట్టు పెట్టి పిలిచినట్టు. మనిషి అదే మనిషి, నుదుట గుర్తు పడిందంతే. ఆ గుర్తు పడగానే తలుపు దగ్గర కాపలా కాసే ప్రోటీన్ పక్కకు తప్పుకుంటుంది, పనివాళ్లు పనిలోకి దిగుతారు. అదే గుర్తు ఇంకో పని కూడా చేస్తుంది. ఈ ఇంటిని పిలవడం అయిపోయిందని చెబుతుంది. అందుకే నకలు మొదలైన చోట అదే విడతలో మళ్లీ మొదలవదు. ఒక్క చోట రెండుసార్లు మొదలైనా కణం పాడవుతుంది. పని ముగిశాక ఆ బొట్టు తుడిచేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి అనబోతే అక్క నా నోరు మూసింది.

"తుడుసుడు మాట ఇంట్ల అనకు," అంది. బావ పక్కగదిలో పడుకుని ఉన్నాడు.

సరేనని ఆ ముక్క వదిలేశాను. కేన్సరు కణంలో ఆ భరిణె పట్టుకున్న మనిషికి ఆపూ అదుపూ ఉండదనీ, పొద్దస్తమానం పిలుస్తూనే ఉంటుందనీ, ఈ మాత్ర ఆ మనిషి చేయి పట్టుకుంటుందనీ చెప్పాను. "అంటే నా లోపల పేరంటం బంద్," అని అక్క నవ్వింది. ఎముక మూలుగలో తెల్లకణాలు పుట్టడానికి కూడా అదే పిలుపు కావాలనీ, మాత్ర వాటినీ ఆపేస్తుందనీ, అవి మళ్లీ పుట్టుకురావడానికే సెలవు వారమనీ చెప్పాను. తెల్లకణాలు లేకపోతే చిన్న సూక్ష్మజీవి కూడా మనిషిని తీసుకుపోతుంది.

అప్పుడు అక్క ఒక ప్రశ్న అడిగింది. "మరి గా వారంల దానికి గూడ పిలుపు అందుతది గద?"

డాక్టర్లు అన్నీ లెక్క చూసుకునే పెట్టారు అన్నాను. అక్క మళ్లీ అడగలేదు.

భద్రాచలం మెట్లు

బావకు షిఫ్టు ఉంది. మేమిద్దరం బయల్దేరాం. సారపాక దాటి వంతెన ఎక్కేసరికి గోదావరి ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా ఉంది. బస్సులో అందరూ చేతులెత్తి దండం పెట్టారు. నేను దండం పెడుతూనే వంతెన కమ్మీలు ఎంత తుప్పు పట్టాయో చూశాను. నా భక్తి అంతవరకే.

దర్శనం అయి మెట్లు దిగుతుంటే ఒకామె గోనెసంచీ పరిచి పంపర పనసకాయలు అమ్ముతోంది. ఒలిచిన తొనలు గులాబీ రంగులో నీళ్లూరుతున్నాయి. కాయ యాభై అంది, అక్క బేరం చేసి ముప్పైకి దించింది. తొన నోటి దాకా తీసుకెళ్లింది. నేను చేయి పట్టేసుకున్నాను.

ఆ మాత్రల డబ్బాలో గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని రాసి ఉంటుంది. అది లివరులో మాత్రను కరిగించే ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది, మందు ఒంట్లో పేరుకుపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ మా జిల్లాలో ఎవరూ చూసి ఎరగరు. అందుకని ఆ హెచ్చరిక మనకు కాదనుకుంటారు. కానీ దాన్ని కన్న తల్లి ఈ పంపర పనసే. అమ్మే ఆమెకు ఇదంతా చెబితే, "నా కాయలకేం రోగం? దేవుని మెట్ల కాడ అమ్ముతున్న," అని నా మీద లేచింది. చుట్టూ నలుగురు పోగయ్యారు. కాయ డబ్బులిచ్చి, కాయ అక్కడే వదిలి బయటపడ్డాం.

అక్క నాతో వాదించలేదు. నాకు అప్పుడు తట్టాల్సింది. సెలవు వారంలో మాత్ర మింగడం లేదు కాబట్టి తొన తింటే ఏమవుతుందని అడిగే మనిషి తను. అడగకుండా చేతిలోది కింద పెట్టేసింది.

చెక్‌పోస్టు

దుమ్ముగూడెం దారిలో ఆటో మాట్లాడుకున్నాం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క పత్తిచేలు, వాటి వెనక అడవి. పర్ణశాలలో దిగి బొంగు చికెన్ తిన్నాం. వెదురుబొంగు నిప్పుల మీద నుంచి తీసి, చీల్చి, ఆకులో పోసిస్తారు. మా ఇంట్లో కోడికూర అంటే నూనె తేలాలి. ఇందులో చుక్క నూనె లేదు, అయినా వేళ్లు నాక్కున్నాను. అక్క రెండు ముక్కలు తిని ఆకు నా వైపు జరిపింది.

ఇంకొంచెం ముందుకెళ్లాక పోలీసులు ఆటో ఆపారు. సరిహద్దు దగ్గర పడే కొద్దీ ఇది మామూలేనట, డ్రైవరు ఆవులించాడు. నేను మాత్రం అడక్కముందే ఆధార్ కార్డు తీసి పట్టుకున్నాను. ఒక కుర్ర కానిస్టేబుల్ నా సంచీ విప్పి ఒక్కొక్కటీ బయట పెట్టాడు.

"డాక్టరమ్మవా మేడం?"

"కాదు, పాఠాలు చెబుతాను."

"మరి గిన్ని మందులేంది? ఎవలకు తీస్కపోతున్నరు?"

అడవిలో ఎవరికో మందులు చేరవేస్తున్నానని అనుమానం. అక్కే కల్పించుకుంది. "ఆమెకు బయమెక్కువ సారూ. గవన్ని ఆమెకే," అంది. కానిస్టేబుల్ నవ్వి సంచీ ఇచ్చేశాడు. అక్క తన చేతిసంచీని మాత్రం ఒడిలోంచి తీయలేదు. దాన్ని వాళ్లూ అడగలేదు.

వాగు అవతల

భద్రమ్మ వాళ్ల ఊరికి ముందు ఒక వాగు ఉంది. దాని మీద ఎత్తు తక్కువ చప్టా. మేం దాటినప్పుడు నీళ్లు పాదాలు తడిసేంతే. అవతల భద్రమ్మ నిలబడి ఉంది. అక్కను చూడగానే పరుగెత్తుకొచ్చి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తరవాత భద్రమ్మ వెనక్కి జరిగి, "ఇంత సన్నమైనవేందే!" అంది.

భద్రమ్మ కోయ మనిషి, ఊరి ఆశా కార్యకర్త. ఇల్లు మట్టిగోడ, పైన పెంకు. వాకిలి అలికి ఎంత శుభ్రంగా ఉందంటే చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మా వైపు వచ్చినవాళ్లకు ముందు కుర్చీ వేస్తాం. ఆమె ముందు కాళ్లకు నీళ్లిచ్చి, తరవాత మంచం వాల్చింది. వెదురు కొమ్ముల కూర, దంపుడు బియ్యం అన్నం పెట్టింది. కొమ్ములు తరిగి ఉడికించి నీళ్లు పారబోయకపోతే చేదట. అక్క ఆ రోజు కడుపునిండా తిన్నది. హాస్టల్లో ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజుల గురించి చెప్పుకుంటుంటే నేను పక్కనే కూర్చుని విన్నాను. ఈ ప్రయాణంలో నాకు భయం వేయని పూట అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం అక్క దుప్పటి అడిగింది.

బయట ఎండ కాస్తోంది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూటరెండు దాటింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. వాకిట్లో చేరిన ఆడవాళ్లు కోయలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు అర్థమైంది 'మలేరియా' ఒక్కటే.

"గాబరా పడకు చెల్లె," అంది భద్రమ్మ. "మా కాడ గీ కాలం ఇది మామూలే. టెస్టు చేస్త. ఉంటే గోలీలిస్త, మూడొద్దులల్ల లేసి కూసుంటది."

అక్క వేలు పొడిచి ఒక చుక్క రక్తం తీసి, తెల్ల పట్టీ మీద వేసి, పైన మందునీళ్ల చుక్కలు వేసింది. ఒక్క గీత వస్తే జ్వరం మలేరియా కాదు. దాని పక్కన ఇంకో గీత పడితే మలేరియా. కాసేపు ఆగాలంది.

ఆ కాసేపట్లో నేను ఏం కోరుకున్నానో చెబితే ఎవరైనా పిచ్చిదంటారు. మలేరియా అయితే మందు ఆ ఇంట్లోనే ఉంది. కాకపోతే ఇది అక్క ఒంట్లో తెల్లకణాలు లేక వచ్చిన జ్వరం కావచ్చు. దానికి ఈ ఊళ్లో మందు లేదు, గంటలు గడిచే కొద్దీ ప్రాణం మీదికి వస్తుంది. కళ్లు మూసుకున్నాను. రామయ్యా, రెండో గీత రానివ్వు, మా అక్కకు మలేరియా ఇవ్వు, నీ మెట్ల కాడ తలనీలాలు ఇస్తాను అని మొక్కుకున్నాను.

"ఒక్కటే గీత!" భద్రమ్మ సంతోషంగా చప్పట్లు కొట్టింది. "మలేరియా గిలేరియా ఏం లేదు!" వాకిట్లో ఆడవాళ్లు కూడా నవ్వారు.

నేను మంచం పట్టె మీద కూలబడ్డాను. అక్క నా వైపే చూస్తోంది. తప్పు దొరికిన పిల్లలు అలా చూస్తారు.

"అక్కా, మాత్రలు ఎప్పుడాపినవ్?"

చేతిసంచీని తలకిందికి లాక్కుంది.

"నిజం చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఆపలే."

"ఈ వారమా?"

"పోయిన నెల గూడ." వణుకుతూనే చెప్పింది. "మీ బావతోని కొత్త డబ్బా ముందే తెప్పిచ్చిన. పొద్దుగాల గూడ మింగిన."

"రక్తపరీక్ష బాగుందన్నవ్ గదా!"

"పోలే. పోతే ఆపుమంటరు." దుప్పటి మొహం మీదికి లాక్కుంది. లోపలి నుంచి మాటలు వినిపించాయి. "నువ్వే చెప్పినవ్. ఆపితే అందరికి పిలుపు అందుతదని. వారమంతా పండుకుంటే నాకు యినొస్తది చెల్లె, ఎముకల అది లేస్తున్నట్టు. ఎట్ల ఆపాలె? నువ్వైతే ఆపుతవా?"

కోపం వచ్చింది. చెంప పగలగొట్టాలన్నంత కోపం. దుప్పటి కింద ఆమె పాదాలు వణుకుతుంటే ఆ కోపం ఎటుపోయిందో తెలియదు. రెండు చేతులతో ఆ పాదాలు పట్టుకున్నాను. భద్రమ్మ మొహంలో నవ్వు పోయింది. నేను రెండు ముక్కల్లో చెప్పాను, ఒంట్లో రోగాన్ని అడ్డుకునే తెల్లకణాలు లేవు, సెలైన్లో ఎక్కించే మందు జల్దీ పడాలి అని. ఆమె ఇంకేమీ అడగకుండా 108కి ఫోన్ చేసింది.

వాగు ఒడ్డు

పులి మీద పుట్ర అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. భద్రమ్మ ఊళ్లో ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో వాన పడింది. వాగు చప్టా మీదుగా పారుతోంది. అవతల ఒడ్డున అంబులెన్సు వచ్చి నిలబడింది, దాని నీలి దీపం తిరుగుతోంది. మధ్యలో ఎర్రనీళ్లు.

అక్కను మంచంతో సహా మోసుకొచ్చి ఒడ్డున దించారు. జ్వరం చూశాను, పెరిగింది. నీటి అంచున గుర్తుగా ఒక రాయి పెట్టి, నీళ్లు రాయి మీదికి ఎక్కాయా దిగాయా అని చూస్తూ కూర్చున్నారు ఊరివాళ్లు. నేను మాత్రం అక్క ఒంట్లో జరిగేదే చూస్తున్నాను. మూలుగలో లక్షల కణాలు బతికే ఉన్నాయి. మాత్ర వాటిని చంపదు. తలుపు దగ్గర కాపలా ఉన్న ప్రోటీన్ మీద గుర్తు పడనివ్వదు, అవి ఎక్కడివక్కడే ఆగిపోతాయి. పొద్దున మింగిన మాత్ర ఇంకా రక్తంలో తిరుగుతోంది. ఒక్క ఫాస్ఫేట్ ముక్క. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద 'పి' అని రాసి చుట్టూ సున్నా చుట్టే ముక్క. అది పడకపోవడం వల్ల మా అక్క పోతుందేమోనని వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చాను.

"ఏడ్వకు," అంది అక్క. "భద్రమ్మ యింట్ల కడుపునిండ తిన్న. గది సాలు."

"నోర్ముయ్యే," అని భద్రమ్మ కసిరింది.

నీళ్లు రాయి కిందికి దిగాయి. పూర్తిగా తగ్గలేదు. ఊళ్లో ట్రాక్టరున్న అతను, గంగరాజు అన్నారు, తొట్టిలో మంచం ఎక్కించుకుంటానన్నాడు. నీళ్లు పారుతుండగా చప్టా దాటకూడదని నాకు తెలుసు. ఏటా పత్రికల్లో చదివేదే. అతని మొహంలోకి చూశాను. "రాయి కిందికి దిగినంక నేను మస్తుసార్లు దాటిన," అన్నాడు గానీ అతనూ పెదాలు తడుపుకుంటున్నాడు. ఆగితే ఒక భయం, దాటితే ఒక భయం. "పోదాం," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

నీళ్లు చక్రాలను పక్కకు నెడుతుంటే తొట్టి ఒకసారి ఒరిగింది. నేను మంచం మీద బోర్లా పడి అక్కను గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఒళ్లు నిప్పులా ఉంది. భద్రమ్మ కోయలో ఏదో జపిస్తోంది. ముందు చక్రాలు గట్టెక్కినప్పుడు గంగరాజు ఒక్క కేక పెట్టాడు.

దవాఖానా

భద్రాచలం దవాఖానాలో రక్తం తీశారు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, రిపోర్టు చూసి నా వైపు తిరిగి, "ఏం మందులు వాడుతున్నారు?" అన్నాడు. చెప్పాను. సెలవు లేకుండా వాడిందని కూడా చెప్పాను. అతను నన్ను తిట్టలేదు, అక్కను తిట్టలేదు. తెల్లకణాలు దాదాపు లేవనీ, ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతికేలోపే మందు మొదలుపెట్టాలనీ అని, అప్పటికప్పుడు సెలైన్లో పెట్టించాడు. హైదరాబాదు డాక్టరమ్మతో ఫోన్‌లో మాట్లాడాడు. మాత్రలు ఆపమన్నారు.

బావ గని బట్టలతోనే వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "డబ్బా నేనే తెచ్చిచ్చిన మరదలా. ముందే తెమ్మంటే తెచ్చిన. నాకేం తెలుసు," అన్నాడు. అంత పెద్ద మనిషి అలా నిలబడి ఉంటే వెళ్లి టీ తెచ్చిచ్చాను.

జ్వరం దిగడానికి ఎన్నాళ్లు పట్టిందో చెప్పను, నాకు అవి రోజుల్లా గడవలేదు. పక్క మంచాల వాళ్లకు నేను దగ్గొద్దని, తుమ్మొద్దని చెప్పి చెప్పి విరోధినయ్యాను. బయటి నుంచి వచ్చిన వాళ్లను చేతులు కడుక్కోనిదే లోపలికి రానివ్వలేదు. భద్రమ్మ రెండుసార్లు వాగు దాటి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు డాక్టరు కూడా లోపలికొచ్చి, తెల్లకణాలు పెరగడం మొదలైందన్నాడు. భద్రమ్మ ఈసారి చప్పట్లు కొట్టకుండా ముందు నా మొహం చూసింది. నేను తలూపాక అప్పుడు నవ్వింది.

అందరూ బయటికి వెళ్లాక అక్క నన్ను దగ్గరికి రమ్మంది.

"కణాలు లేస్తున్నయంటే, పిలుపు అందుతున్నట్టే గద?"

"అవ్."

"మరి దానికి?"

ఇక్కడ మణుగూరులో చెప్పినట్టు చెప్పలేకపోయాను. "అందొచ్చు అక్కా. నాకు తెలవదు. డాక్టరమ్మకు గూడ పూర్తిగా తెలవదు. కానీ ఇవి లేవకపోతే దానికంటే ముందు నువ్వు పోతవ్."

అక్క తలకింది చేతిసంచీ తీసి, విప్పిన మాత్రల డబ్బా నా చేతిలో పెట్టింది.

"నీ కాడ ఉంచుకో. నా కాడుంటే నేను ఆగలేను."

ఇంటికొచ్చాక

ప్రయాణం ముగిసి నెలలు గడిచాయి. డాక్టరమ్మ మోతాదు తగ్గించి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించింది. స్కానింగులో వెన్నెముక మచ్చ అలాగే ఉంది, పెరగలేదు, పోలేదు. మూడు వారాలకు సరిపడా మాత్రలు మణుగూరు పంపుతాను. కొత్త డబ్బా ఖమ్మంలో నా బీరువాలో ఉంటుంది. సెలవు వారం అయి, రక్తపరీక్ష రిపోర్టు ఫోన్‌లో ఫొటో పెడితేనే డబ్బా కదులుతుంది.

పోయిన సెలవు వారంలో ఒకరోజు తరగతిలో పాఠం మధ్యలో నా చేయి ఆగిపోయింది. పిల్లలకు ఏదో చెప్పి ఇంటికి వచ్చేశాను. బీరువా తీసి డబ్బా చేతిలోకి తీసుకున్నాను. అక్క వెన్నులో ఇప్పుడు, ఈ నిమిషంలో, ఏ కణం డీఎన్ఏ నకలు తీసుకుంటోందో అనిపించింది. మణుగూరు బస్సు ఇంకా దొరుకుతుంది. ఒక్క రోజు ముందు మొదలుపెడితే ఏమవుతుంది? అంతా చదివి, అంతా కళ్లారా చూసి వచ్చిన నేనే అలా అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

గుమ్మంలో నిలబడి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నాకు భయమైతున్నది."

"నాకు గూడ," అంది. "డబ్బా చేతిల ఉన్నదా?"

"ఉన్నది."

"లోపల పెట్టు చెల్లె. నేను ఫోన్ల ఉంట. పెట్టి తాళమెయ్యి."